వాసన లేని కాగితం

"తడిగుడ్డ మార్చనా అక్కా?"

"మార్చినా మార్చకపోయినా ఒకటేరా. నడుము ఉందని తెలుస్తోంది, అంతే."

ఆడపడుచు మంచం మీద బోర్లా పడుకుని ఉంది. నడుము మీద పరిచిన గుడ్డ అంచుల్లో చర్మం ఎర్రగా కందిపోయింది. మధ్యలో నీటిబొబ్బలు. నిన్న సాయంత్రం కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చి, ఎప్పటిలాగే ఇంట్లో చేసిన నొప్పుల నూనె రాసుకుంది. పన్నెండేళ్లుగా రాసుకుంటున్న నూనె. తెల్లారేసరికి ఇదీ పరిస్థితి.

కోడలు చన్నీళ్ల గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్కడే నిలబడ్డావేం?" అన్నాడు భర్త. "దగ్గరికొచ్చి చూడు. నువ్వు కలిపిన నూనె ఏం చేసిందో చూడు."

"చూశానండీ."

"చూసిందట. కలిపేటప్పుడు కొలత చూసుకుని ఉంటే ఇప్పుడిది చూడాల్సిన పనే ఉండేది కాదు."

"దాన్నెందుకురా నమిలేస్తావు," అంది ఆడపడుచు దిండులోంచి. "రా మరదలా. నలభై అయిదేళ్లొచ్చాక నా వీపుకి ఇంత పేరొచ్చింది. పొద్దుట్నుంచి చూడ్డానికి ఒకటే జనం, డాక్టరుతో సహా."

ఎవరూ నవ్వలేదు. ఆమే నవ్వబోయి, నడుము కదిలి, పళ్లు బిగించింది.

గోడ పక్క కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. వీధిలో అందరూ ఆమెని నూనెలమ్మ అంటారు. నలభై ఏళ్లుగా ఈ ఇంటి గడప దాటి లోపలికి వచ్చిన ప్రతి నూనెనీ ఒప్పుకున్నది ఆమె ముక్కే, తిప్పి పంపిందీ ఆమె ముక్కే. పొద్దుట్నుంచి ఆమె నోటి వెంట ఒక్క మాట రాలేదు.

"కొలత నేను తప్పలేదు," అంది కోడలు గుడ్డ పిండుతూ. "లీటరు నువ్వుల నూనెకి చెంచాడు నిమ్మగడ్డి నూనె. ఎప్పుడూ వేసేదే."

"అయితే అక్కకిలా ఎందుకైంది?"

"ఆ నిమ్మగడ్డి నూనెలోనే ఏదో కలిసిందేమో. మూడింటికి మీరు వ్యానులో తీసుకెళ్లే సీసాల్లోనూ అదే ఉంది. ఇవాళ్టికి వాటిని ఆపండి."

అతను తలెత్తాడు.

"నూనె చెడ్డదని ఎవరన్నారు?"

"మీరేగా, ఇప్పుడే అన్నారు?"

"నీ తప్పన్నాను. నూనె తప్పనలేదు."

"చిన్నప్పుడూ ఇంతే వీడు," అంది ఆడపడుచు. "గడప తగిలి పడితే, గడపని వదిలేసి పక్కనున్న నన్ను కొట్టేవాడు."

"నువ్వు ఊరుకో అక్కా." అతని గొంతు తగ్గింది. తగ్గినప్పుడే అతనికి ఎక్కువ భయం వేస్తోందని కోడలికి తెలుసు. "రోడ్డు చివరింటి నర్సమ్మ మన నూనె తప్ప ఇంకోటి ముట్టుకోదు. అమ్మ పేరు చెప్పి కొంటుంది. ఇవాళ వెళ్లి 'మా నూనె మీద మాకే అనుమానంగా ఉంది' అని చెప్పమంటావా? రేపట్నుంచి మన గుమ్మం ఎవరు తొక్కుతారు?"

రోడ్డు చివర ఉన్న ఆ పొడవాటి ఇంట్లో పదిహేను మంచాలు. మంచం పట్టినవాళ్లని కనిపెట్టుకుని ఉండే ఇల్లు. కాళ్లకీ వీపులకీ రోజూ ఈ నూనే రాస్తారు. కోడలు రెండుసార్లు వెళ్లింది. అక్కడివాళ్ల చర్మం తడిసిన కాగితంలా ఉంటుంది. వేలు గట్టిగా ఆనించాలంటే భయం.

"కిటికీ పక్క మంచంలో డ్రాయింగు మాస్టారు ఉన్నారు," అంది నెమ్మదిగా. "ఆయనకి మాట పడిపోయింది. వదినకి మంట పుట్టగానే అరిచింది, లేచి కడుక్కుంది. ఆయన ఎలా చెప్తారండీ?"

కోడలు గుడ్డని మళ్లీ గిన్నెలో ముంచింది.

అతను తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, కొత్త డబ్బా వచ్చినప్పుడు నువ్వు వాసన చూశావుగా?"

"చూశాను," అంది నూనెలమ్మ నేల వైపు చూస్తూ.

* * *

నూనెల గది కిటికీ ఉత్తరం వైపు. ఎండ తగలకూడదని దానికి ముదురు రంగు తెర. ఇంతకుముందు నిమ్మగడ్డి నూనె బట్టీ తాత తెచ్చేవాడు. తనే గడ్డి కోసి, బట్టీ పెట్టి, ఆవిరి పట్టి తీసేవాడు. కళ్లు మసకబారి అతను బట్టీ ఆర్పేశాక, నూనె ఫోనులో కొనే పని కోడలి మీద పడింది. ఇంట్లో ఓపిగ్గా చదివేది ఆమే కాబట్టి.

చదివింది కూడా. మొక్క శాస్త్రీయ నామం రాశారా లేదా, ఏ భాగం నుంచి తీశారు, ఆవిరితో తీశారా మరోలానా, అన్నీ చూసుకుంది. పరీక్ష కాగితం పంపమని అడిగితే గంటలో పంపారు. రంగుల గీతలతో, ముద్రతో, సంతకంతో వచ్చింది. మూడొందల మంది మెచ్చుకున్న నూనె.

ఇప్పుడు ఆ ఫోనునే ఒక చేత్తో, డబ్బాని ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది.

పరీక్ష కాగితం మీద ఒక తయారీ నంబరు ఉంది. డబ్బా అడుగున ఇంకొకటి ఉంది. రెంటిలోనూ ఒక్క అంకె కలవలేదు. కాగితం మీద తేదీ మూడేళ్ల కిందటిది. అంటే కాగితం నిజమే కావచ్చు. వేరే ఎవరిదో నూనెకి.

మెప్పులు మళ్లీ చదివింది. వాసన అద్భుతం. ప్యాకింగు బాగుంది. చెప్పిన రోజుకే వచ్చింది. సగానికి సగం ఒకే రెండు రోజుల్లో రాసినవి. నెల్లాళ్లు వాడి చూశామన్న మనిషి ఒక్కరు లేరు. వేలితో కిందికి, ఇంకా కిందికి జరిపింది. అట్టడుగున ఎవరో రెండు ముక్కలు రాశారు: "చేతులు మండిపోతున్నాయి. అడిగితే జవాబు లేదు." ఆ రోజు ఆమె అంత కిందికి వెళ్లలేదు.

అదే దుకాణంలో గులాబీ నూనె, నిమ్మగడ్డి నూనె ఒకే ధరకి ఉన్నాయి. బండెడు గులాబీలు మరిగిస్తే గరిటెడు నూనె రాదని బట్టీ తాత ఎన్నిసార్లు చెప్పాడో. ఆ రెంటినీ ఒకే ధరకి ఇచ్చేవాడి దగ్గర రెండూ ఉండవు. ఇది కూడా ఆ రోజు కళ్ల ముందే ఉంది.

కానీ ఇవేవీ కాదు ఆమెని తినేస్తున్నది.

డబ్బా మూత తీసిన రోజు, నిమ్మగడ్డి వాసన వెనకాల సన్నగా, కొత్తగా రంగు వేసిన తలుపు దగ్గర వచ్చేలాంటి వాసన తగిలింది. అత్తగారు కాగితపు ముక్క మీద చుక్క వేసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "బాగుంది, పోసుకో" అంది. ఆ ముక్కు ముందు తన ముక్కెంత అనుకుంది కోడలు. పోసుకుంది.

ఇవాళ పొద్దున్న పొయ్యి మీద పాలు మాడాయి. వీధి గుమ్మం దాకా కమురు వాసన. కోడలు పరుగెత్తుకొచ్చేసరికి అత్తగారు పొయ్యికి బెత్తెడు దూరంలో, గిన్నెకి వీపు పెట్టి, తాపీగా గ్లాసులు తుడుస్తోంది.

* * *

"నంబర్లు కలవకపోతే ఏంటి? తప్పు చీటీ అంటించి ఉంటారు," అన్నాడు భర్త ఫోను వైపు చూసీ చూడనట్టు. అప్పటికి రెండున్నర. "నీ కాగితాల గొడవ నాకొద్దు. అమ్మ ఇంకోసారి చూసి చెప్తుంది. అమ్మ చెడ్డదంటే ఆపేస్తాను. మంచిదంటే నీ కొలతే తప్పు. ఆ తప్పు కూడా నువ్వు చివర్లో విడిగా కలిపిన ఇంటి సీసాలోనే, ఈ సీసాల్లో కాదు. ఇక మాట్లాడకు."

"వాసన చూడమని చెప్తే చాలా?"

"ఇంకేం చెయ్యాలి, హారతి పట్టాలా?"

కోడలు గదిలోకి వెళ్లి కాగితపు ముక్కలు కత్తిరించింది. బట్టీ తాత ఇచ్చిన చివరి నూనె సీసా అడుగున రెండు చుక్కలు మిగిలాయి. ఒక ముక్క దానిలో ముంచింది. ఇంకో ముక్క కొత్త డబ్బాలో ముంచింది. కత్తెర కింద పెట్టబోయి, ఆగింది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మూడోనాడు అత్తగారు ఆమె ముందు మూడు కాగితాలు పెట్టింది. చుట్టూ ఇంటిల్లిపాదీ. కోడలు మొదటిది లవంగమని చెప్పింది, రెండోది నిమ్మగడ్డి అని చెప్పింది. మూడోదాన్ని అందరూ ముందే వాసన చూసి ఆహా ఓహో అన్నారు. కోడలు రెండుసార్లు చూసి, "దీనికి ఏ వాసనా లేదండీ" అంది. అందరూ ఘొల్లుమన్నారు. అది నూనె తగలని ఉత్త కాగితం. ఈ ఇంట్లో పనిలోకి వచ్చే ఎవరికైనా అదే పరీక్ష. లేనిది ఉందనే ముక్కు నూనెల గదిలోకి పనికిరాదు. ఆ సాయంత్రమే అత్తగారు ఆ గది తాళంచెవి ఆమె కొంగుకి కట్టింది.

కోడలు మూడో ముక్క కత్తిరించింది. దేనిలోనూ ముంచలేదు. ఉత్త కాగితానికి అడుగు వైపు మూల మడిచి గుర్తు పెట్టడం ఈ ఇంటి అలవాటు. మూల మడిచింది.

అత్తయ్య చెప్పేస్తుంది, అనుకుంది. తనంతట తనే 'నాకేమీ తెలియట్లేదురా' అనేస్తుంది. అప్పుడు నేను ఏమీ అనక్కర్లేదు.

ఆడపడుచు మంచం చుట్టూనే నిలబడ్డారు. నూనెలమ్మ మొదటి కాగితం తీసుకుంది. కళ్లు మూసుకుంది.

"ఇది బట్టీ తాతది."

అది కొత్త డబ్బాది.

రెండోది అందుకుని, ముక్కుకి అటూ ఇటూ ఆడించి, "ఇదీ పాతదే" అంది. మూడో కాగితం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. కొడుకు మొహం చూసింది. కోడలి మొహం చూడలేదు.

"ఇది కొత్తది. పచ్చిగడ్డి వాసన నిండుగా ఉంది. దీనికి ఏ లోటూ లేదు. తీసుకెళ్లరా."

"విన్నావా?" అన్నాడు అతను. గొంతులో కోపం లేదు. మునిగేవాడికి మెట్టు తగిలినట్టుంది. "విన్నావు కదా?"

కోడలు నోరు తెరిచింది. ఆ క్షణంలోనే అత్తగారి బొటనవేలు కాగితం అడుగున తడుముతూ తడుముతూ మడత దగ్గర ఆగింది.

నూనెలమ్మ కాగితం తిప్పలేదు. తిప్పాల్సిన పని లేదు. నలభై ఏళ్లుగా ఆ మూల మడిచిన వేలు అది. కాగితాన్ని గుప్పిట్లో పెట్టుకుని లేచి, గోడ పట్టుకుంటూ నూనెల గది వైపు నడిచింది.

* * *

"నాకే పెట్టావా?" అంది తలుపు వేసీ వేయగానే. "నేను నేర్పిన పరీక్ష నాకే పెట్టావా?"

"మీకు కాదు అత్తయ్యా. ఆ సీసాలకి."

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"పొద్దున్న పాలు మాడినప్పట్నుంచి. మీకు?"

నూనెలమ్మ బల్ల మీద కూర్చుంది. వీధిలోంచి వ్యాను వెనక తలుపు తీసిన చప్పుడు వినబడింది.

"నాలుగు నెలల కిందట జ్వరం వచ్చింది చూడు. తగ్గింది. అది తగ్గి ఈ ముక్కు పోయింది. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకున్నాను." చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. "నలభై ఏళ్లు నూనెలో నానిన చేతులే ఇవి. ఎవరివో చేతుల్లా ఉన్నాయి. ఏమీ లేదు వీటికి."

"మరి డబ్బా వచ్చినప్పుడు బాగుందని ఎలా అన్నారు?"

"నువ్వు కాగితం తెప్పించావుగా. ముద్రతో సహా చూపించావు. చదువుకున్నది, చూసే ఉంటుందిలే అనుకున్నాను."

"మీ ముక్కు ఉందిగా అని నేను నంబరు చూడలేదు అత్తయ్యా!"

ఇద్దరి చూపూ ఆ డబ్బా మీదికి పోయింది. ఏడవడానికి కూడా అది వేళ కాదు.

"నాకు ఆ రోజే రంగు వాసన తగిలింది," అంది కోడలు. "మీరు బాగుందన్నారని నోరు మూసుకున్నాను."

"పెళ్లైన మూడోనాడు అంతమంది మొహాన వాసన లేదని చెప్పినదానివి. ఎందుకు మూసుకున్నావే?"

"అప్పుడు మీరెవరో నాకు తెలియదు."

బయట ఇంజను ఒకసారి గురగురలాడి ఆగింది. నూనెలమ్మ చటుక్కున కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు. బతిమాలుకోవడం ఉంది.

"వెళ్లి ఆపు. కొలత తప్పానని చెప్పు. అన్ని సీసాల్లోనూ తప్పానని చెప్పు. వాడు తిడతాడు, ఆపేస్తాడు. నీ తప్పు రేపటికి పాతబడుతుంది. నాది పాతబడదు. ఈ ముక్కు లేదని తెలిస్తే ఈ ఇంట్లో నేను ఎవర్ని అమ్మాయ్? ఓ కుర్చీ, ఓ కంచం. అంతేగా?"

కోడలు చెయ్యి విడిపించుకోలేదు. విడిపించుకుని వెళ్లాలని తెలుసు. డ్రాయింగు మాస్టారు కళ్లు గుర్తొచ్చాయి. ఆయన దుప్పటి అంచు మీద చూపుడువేలితో ఏవో గీస్తూ ఉంటారు.

"సరే అత్తయ్యా," అంది.

* * *

వ్యాను వెనక తలుపు ముందు నిలబడి, వీధంతా వినేలా చెప్పింది. "నేనే తప్పు చేశానండీ. చెంచా బదులు గరిటె వాడాను. అన్ని సీసాల్లోనూ. దించెయ్యండి."

అతను చేతిలో పెట్టెతో అలాగే నిలబడిపోయాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు. పెట్టెని నెమ్మదిగా మెట్టు మీద పెట్టాడు.

"ఇందాక నాతో ఎందుకు వాదించావు? అమ్మ నూనెకి వంక ఎందుకు పెట్టావు?"

దానికి జవాబు లోపల బల్ల మీద కూర్చుని ఉంది.

"తాళంచెవి తియ్," అన్నాడు.

"ఏమండీ..."

"తియ్. ఇక నుంచి నూనెల గది అమ్మది. కొనేది అమ్మ చెప్తేనే, కలిపేది అమ్మ చూస్తేనే. నువ్వు ఆ గదిలో అడుగు పెట్టొద్దు."

గుమ్మంలోకి వచ్చిన నూనెలమ్మ చేతిలో అతనే తాళంచెవి పెట్టాడు. ఆమె వద్దనలేదు. పుచ్చుకోనూ లేదు. తెరిచిన అరచేతిలో అది అలా ఉండిపోయింది.

లోపలి నుంచి ఆడపడుచు కేక వేసింది. "ఏం జరుగుతోందిరా అక్కడ? నన్ను బోర్లా పడేసి మీరంతా వీధి నాటకం ఆడితే నేనెలా చూసేది?"

కోడలు మెట్ల మీది పెట్టెలు చూసింది. వ్యాను లోపల చూసింది. రాత్రి గోడవార పేర్చినవన్నీ ఇక్కడ లేవు.

"మిగిలినవి ఏవండీ?"

"ఏ మిగిలినవి?"

"పెట్టెలు. సగమే ఉన్నాయి."

అతను ఆమె వైపు చూశాడు. చూస్తూ ఉండగానే అతని మొహంలో రంగు మారింది.

"తెల్లారగట్ల నర్సమ్మ ఇటు వెళ్తూ ఆగింది. నూనె అయిపోయిందంటే... నువ్వు అక్క దగ్గరున్నావు... తనతో ఇచ్చి పంపాను."

అతని చొక్కా జేబులో ఫోను మోగింది. మోగి, ఆగి, మళ్లీ మోగింది. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"చెప్పండి నర్సమ్మా."

అవతలి మాటలు వినబడలేదు. వేగం మాత్రం తెలుస్తోంది. అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"మాస్టారికా? ఎప్పుడు రాశారు?... కొలత ఎక్కువైంది, అంతేనండీ, గరిటెతో... లేదు, వేరేది ఏమీ కలవలేదు. నిమ్మగడ్డి నూనే... డాక్టరుగారు పక్కనే ఉన్నారా?"

కోడలు ముందుకి వచ్చింది. గరిటె అబద్ధం ఆ మంచం దాకా వెళ్లిపోయింది. వేరేది ఏమీ కలవలేదని నమ్మి ఆ డాక్టరు ఏ మందు పూస్తాడో.

"ఏమండీ, అలా చెప్పకండి, ఆ నూనెలో..."

"నువ్వు నోరెత్తకు!" అని, ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, ఆ డాక్టరు నా మాట నమ్మట్లేదు. నూనె స్వయంగా పరీక్ష చేసి చూసిన మనిషి చెప్పాలంటున్నాడు. అందులో నిమ్మగడ్డి తప్ప ఇంకేం లేదని నువ్వు చెప్పు. నీ మాటంటే వాళ్లకి వేదం."

ఫోను ఆమె చేతికిచ్చాడు.

ఒక అరచేతిలో తాళంచెవి. ఇంకో గుప్పిట్లో, ఇంతసేపూ వదలని కాగితపు ముక్క. ఆ గుప్పిటతోనే ఫోను పట్టుకుని నూనెలమ్మ చెవి దగ్గర పెట్టుకుంది. వేళ్ల సందులోంచి మడిచిన మూల బయటికి కనిపిస్తోంది.

"అమ్మగారూ, వినబడుతోందా?" అవతల మగగొంతు, ఇప్పుడు మెట్ల దాకా వినేంత గట్టిగా. "త్వరగా చెప్పండి. ఆ నూనెని మీరు వాసన చూశారా, లేదా?"

నూనెలమ్మ కోడలి కళ్లలోకి చూసింది. ఈ రోజుకి అదే మొదటిసారి.